కక్కుల కత్తి

బెజవాడ, ట్రెయినింగ్ స్కూలు హాస్టలు
26 జూన్ 1949, ఆదివారం

ప్రియమైన జోజమ్మత్తయ్యకు,

ఈరోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఎనిమిదింటికే ఎదురైంది. పూజ ముగించుకుని గుడి నుంచి వస్తుంటే, మార్కెట్టు పక్కన యుద్ధంలో మిగిలిపోయిన మిలిటరీ సామాను కుప్పలు పోసి అమ్ముతున్నారు. బూట్లు, నీళ్ళ సీసాలు, దోమతెరలు. వాటి మధ్య ఒక కత్తి. మడిచి జేబులో పెట్టుకునే రకం కాదు, పిడిలోకి గట్టిగా దిగేసినది. జానెడు పొడవు. దాని అంచంతా పళ్ళు!

కొడవలికి కక్కులు కొట్టించడం మనకు కొత్త కాదు. వరికోతల ముందు అమ్మ కొడవలి పట్టుకుని కమ్మరి దగ్గర కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. కానీ నిటారు కత్తికి కక్కులుండటం ఇదే మొదటిసారి చూడటం. నేను వాటిని లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఎండలో ఒక్కొక్క పన్ను కొనమీద ఒక్కొక్క వెలుగు చుక్క నిలబడింది. నేను కదలకపోతే సరోజ (నా గదిలో ఉండే అమ్మాయి) జడ పట్టి లాగింది.

నేనిప్పుడు ఒక మాటల పుస్తకం రాసుకుంటున్నానని చెప్పానా? ఏ కొత్త మాట వినబడినా అందులోకి ఎక్కవలసిందే. కత్తి పదునంచుని 'వాదర' అంటారని నిఘంటువులో దొరికింది. ఎంత బాగుందో చూడు, నోట్లోంచి నీళ్ళలా జారిపోతుంది. 'కక్కు' అనగానే గొంతు దగ్గర ఆగుతుంది. ఒక ఇనుప ముక్కకి ఇన్ని మాటలు!

వ్యాసరచన పోటీలో నాకు వచ్చిన బహుమతితో ఆ కత్తి కొనేశాను. అది నీకు. మామిడికాయల బండితో వచ్చిన బుచ్చయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఈ ఏడు తోటలో మామిడి అంట్లు కట్టే పని నీ చేతికి వచ్చిందని విన్నప్పటి నుంచి నీకేదైనా ఇవ్వాలని ఉంది. ఒక్క వాదరతో కోసే కత్తి కంటే ఇరవై రెండు పళ్ళతో కోసే కత్తి ఎన్ని రెట్లు పదునో నువ్వే ఆలోచించు. మావయ్య పాత కత్తికి ఇక విశ్రాంతి ఇవ్వు. అన్ని అంట్లూ దీంతోనే కట్టాలి, సరేనా?

నీ మేనకోడలు
భాగ్యవతి


రెడ్డిగూడెం, తోట
8 జూలై 1949

చిరంజీవి భాగ్యానికి మీ అత్త దీవించి రాసేది.

కత్తి అందింది. బుచ్చయ్య గుడ్డ విప్పి చూసి, "ఇదేంటి జోజమ్మా, మీ మేనకోడలు మొసలి దవడ పంపింది?" అన్నాడు. దాన్ని బండిలో తన కాళ్ళ దగ్గర పెట్టుకుని బెజవాడ నుంచి ఇక్కడి దాకా కాళ్ళు ముడుచుకునే కూర్చున్నాడట. అంత దూరాన ఉండి నన్ను తలుచుకున్నావు, చాలు. కత్తి పనికొస్తోంది.

ఇక్కడి సంగతి నీకు పూర్తిగా తెలియదు, రాస్తున్నాను. తోటలో ఉత్తరపు వైపు జున్నుచెట్టు ఉంది కదా, చిన్నప్పుడు దాని కింద రాలిన కాయ కోసం మీ అన్నతో కొట్టుకునేదానివి. లోపల జున్నులా ఉంటుందని మనవాళ్ళే ఆ పేరు పెట్టారు. ఏ పక్షి పడేసిన టెంకో, అలాంటి కాయ ఇంకే చెట్టుకీ లేదు. ఆ టెంక పాతితే అదే కాయ రాదు, అంటు కడితేనే వస్తుంది. ఆ చెట్టు మాను పురుగు తొలిచి డొల్లయింది. పోయినేడు ఒక పక్కకు ఒరిగింది కూడా. అది పడేలోగా నలభై అంట్లు కావాలని మా కామందు లక్ష్మీనరసింహారావు గారు ఆశ పడుతున్నారు.

మీ సవరయ్య మావయ్య బతికుంటే ఆ పని ఆయనదే. ఆయన పోయాక చింతలపూడి నుంచి మనిషిని తెప్పిద్దామనుకున్నారు. నేనే వెళ్ళి అడిగాను. "పద్దెనిమిదేళ్ళు ఆయన పక్కన నార అందించాను, నాకు ఒక్క ఏడు చూడండి బాబూ," అన్నాను. ఆయన మీసం దువ్వుకుని, "నీ చేతిలో ఈ చెట్టు పోతే నా తోటలో మళ్ళీ మొలవదు జోజమ్మా," అన్నారు. ఆ మాట రోజూ నా చెవిలో ఉంది.

చెట్టు చుట్టూ మంచె కట్టాం. కుండీల్లో టెంక మొక్కలు పెంచి, ఆ కుండీలు మంచె ఎక్కించి, కొమ్మ పక్కన మొక్కను నిలబెట్టాం. కొమ్మకి రెండంగుళాల మేర చెక్కాలి. మొక్కకి అంతే చెక్కాలి. రెండు పచ్చి ముఖాలనీ ఒకదానికొకటి ఆనించి అరటినారతో చుట్టి, పైన మట్టీ పేడా మెత్తాలి. మూడు నెలలు రోజూ మంచె ఎక్కి నీళ్ళు పోయాలి. అతుక్కుంటే, కొమ్మను తల్లి నుంచి కొంచెం కొంచెంగా తెంపాలి. ఒకేసారి తెంపితే బెంగ పెట్టుకుంటుంది.

నలభై కట్టడం నిన్నటితో అయింది. నువ్వు చదువు మీద చూపు పెట్టు.

మీ అత్త
జోజమ్మ


బెజవాడ
21 జూలై 1949

ప్రియమైన అత్తయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి సరోజకి చదివి వినిపించాను. "రెండు పచ్చి ముఖాలు" దగ్గర ఆగిపోయాను. చెట్టుకి ముఖం ఉంటుందని, దాన్ని కత్తితోనే బయటికి తీయాలని నాకు ఎవరూ చెప్పలేదు. రెండు మొక్కలు ఒకదాని గాయం మీద ఒకటి ముఖం ఆనించుకుని మూడు నెలలు నిలబడతాయి, ఆ తర్వాత అవి ఒకటే మొక్క. రాత్రి చాప మీద పడుకుని దాని గురించే ఆలోచిస్తుంటే నా వేళ్ళు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయేమో అనిపించింది.

'బెంగ పెట్టుకుంటుంది' అనే మాట నా పుస్తకంలో ఎక్కించాను. పక్కన అర్థం రాయబోయి మానేశాను.

ఒక్క విషయం అడుగుతాను. నా కత్తితో ఎన్ని కట్టావు? నలభైకి నలభయ్యా? ఒక్కొక్కటి కోయడానికి ఎంతసేపు పట్టింది? నువ్వు "పనికొస్తోంది" అన్న ఒక్క మాట రాసి ఊరుకున్నావు. ఇంకా రాయి. ఇక్కడ అందరికీ మా అత్తయ్య మిలిటరీ కత్తితో మామిడి చెట్లను పుట్టిస్తోందని చెప్పేశాను.

ఆతృతతో
భాగ్యం


రెడ్డిగూడెం
29 ఆగస్టు 1949

భాగ్యానికి,

ఆలస్యమైంది. నీళ్ళు మోయడంతోనే పొద్దు గడుస్తోంది.

ఆరు అంట్లు పోయాయి. కట్లు విప్పి చూస్తే లోపల నల్లగా అయింది. చీమలు పట్టాయనుకుంటాను. పైన ఎండ కూడా ఎక్కువగానే కాసింది. మిగతా ముప్ఫై నాలుగు బాగానే ఉన్నాయి.

కామందు గారు మంచె కింద నిలబడి ఆరు వేళ్ళు చూపించారు. వెళ్తూ వెళ్తూ, "చింతలపూడి ఆయన అడ్రసు నా దగ్గరే ఉందిలే," అని ఎవరితోనో అన్నట్టు అన్నారు. బుచ్చయ్య ఊరుకోక, "ఆయన చేతికి చీమలు పట్టవా అండీ?" అన్నాడు. వాణ్ణి గసిరాను.

నువ్వు జ్వరం తెచ్చుకోకు. వానలో తడవకు.

అత్త


బెజవాడ
12 సెప్టెంబరు 1949

అత్తయ్యా,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు ఇవాళ తెలిసింది.

మా హాస్టలు వంటగదిలో ఆరోగ్యమ్మ గారు సిస్టర్ల కోసం రొట్టె కోస్తున్నారు. ఆ కత్తికీ పళ్ళున్నాయి. రొట్టె పైన గట్టిగా, లోపల దూదిలా ఉంటుంది. నున్నటి కత్తి పెడితే అణిగిపోతుంది, పళ్ళ కత్తి అయితే పట్టుకుని లాగుతుంది. నేను చూస్తూ నిలబడ్డాను. రొట్టె తెగింది. బల్లంతా పొడి రాలింది.

"దీంతో వంకాయ కోయరేం?" అని అడిగాను.

"కోసేదేంటి, చీరుతుంది," అన్నారావిడ. "పంటితో కొరికిన దానికీ కత్తితో కోసిన దానికీ తేడా లేదా అమ్మాయ్? టీచరమ్మవి అవుతావు, ఇది కూడా తెలియదా?"

అత్తయ్యా, నాకు నీ అంట్లు గుర్తొచ్చాయి. రెండు కత్తులూ అడిగి తీసుకుని పెరట్లో రెండు మందార కొమ్మలు చెక్కాను, ఒకటి పళ్ళ కత్తితో, ఒకటి నున్న కత్తితో. సైన్సు గదిలోని భూతద్దం తెచ్చి చూశాను.

ఏం చూశానో నీకెలా చెప్పను? నున్న కత్తి వెళ్ళిన చోట ఒక చెరువు ఉంది. గాలి లేని వేళ చెరువు. ఆకుపచ్చ అంచు, తెల్లటి నీరు, మధ్యలో ఒక్క గీత కూడా లేదు. పళ్ళ కత్తి వెళ్ళిన చోట దున్నిన చేను ఉంది. చాళ్ళు, గట్లు, తెగకుండా తేలిన పీచు. అలాంటి రెండు చేలను ఎదురెదురుగా పెట్టి ఎంత బిగించి కట్టినా, గట్టుకి గట్టు తగులుతుంది, చాలులో ఖాళీ ఉండిపోతుంది. ఆ ఖాళీలోకి నీళ్ళు దిగి కుళ్ళు పడుతుంది. రెండు చెరువులైతే మధ్య ఏమీ మిగలదు.

కన్ను నొప్పి పుట్టే దాకా చూశాను. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న చోట రాసి ఉందని ఎన్నడూ అనుకోలేదు. తర్వాత ఏడుపొచ్చింది.

ఆ ఆరూ నా కత్తితో చెక్కినవే కదూ? ఇరవై రెండు పళ్ళు లెక్కపెట్టాను గానీ అవి ఏం చేస్తాయో అడగలేదు. పద్దెనిమిదేళ్ళు నార అందించిన నీకు, ఒక్క అంటు కూడా కట్టని నేను ఉత్తరంలో ఆజ్ఞ జారీ చేశాను. నన్ను తిట్టు. చీమల్ని తిట్టకు.

భాగ్యవతి


రెడ్డిగూడెం
24 సెప్టెంబరు 1949

నా బంగారు భాగ్యానికి,

ఏడవకు. ఆ ఆరూ నీ కత్తితో చెక్కినవే. కానీ నీ మాట విని చెక్కానని అనుకుంటున్నావు చూడు, అంత గొప్పదానివేం కాదు నువ్వు. నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. పళ్ళ కత్తి చీరుతుందని నాకు తెలియదా?

అసలు సంగతి వేరు. బుచ్చయ్యకి కూడా చెప్పలేదు.

మీ మావయ్య కత్తి నా పెళ్ళినాటికి రెండు వేళ్ళ వెడల్పు. నున్న కత్తికి ఒక ఖర్మ ఉంది భాగ్యం, రోజూ నూరాలి. పది పన్నెండు అంట్లకోసారి నూరాలి. నూరినప్పుడల్లా సానరాయి మీద నల్లటి నీళ్ళు కారతాయి. ఆ నలుపంతా కత్తే. ఆయన నూరి నూరి, ఇప్పుడు నేను నూరి నూరి, అది చిటికెన వేలంత అయింది. ముప్ఫై నాలుగు కట్టేసరికి మళ్ళీ నూరవలసి వచ్చింది. రాయి తడిపాను. ఎందుకో చెయ్యి ఆడలేదు. పిడి మీద ఆయన బొటనవేలు ఆనిన గుంట ఉంది. పిడి ఉంటుంది, కత్తి ఉండదు కదా అనిపించింది.

నీ కత్తికి నూరే పని లేదు. పక్కనే ఉంది. ఆరే కదా, పట్టవా అనుకున్నాను. నొక్కి నొక్కి, ఎంత నెమ్మదిగా లాగినా గరగరమంది. ఆ చప్పుడు వింటూనే తప్పు చేస్తున్నానని తెలుసు. తెలిసీ కట్టాను. ఆయన ఇనుము మిగుల్చుకోవాలని ఆయన చెట్టు అంట్లు ఆరు పోగొట్టుకున్నాను. కామందు గారికి ఇది చెబితే ఏమనుకుంటారు? చీమలే మేలు.

భూతద్దంలో చూసింది బాగా రాశావు. చెరువు అన్నావు. మీ మావయ్య వేలు పెట్టి తడిమి "ఊఁ" అనేవాడు, అంతే. ఆ "ఊఁ"లో ఇంత ఉందని నువ్వు రాస్తే తెలిసింది.

ముప్ఫై నాలుగూ అతికాయి. తల్లి కొమ్మకి మొదటి గాటు పెట్టాను. ఈసారి నూరే పెట్టాను.

నీ అత్త


బెజవాడ
30 అక్టోబరు 1949

అత్తయ్యా,

తుఫాను మా హాస్టలు కప్పు సగం ఎత్తుకుపోయింది. మేమంతా క్షేమం. పోస్టు నడుస్తుందో లేదో తెలియదు. ఈ కార్డు అందితే ఒక్క ముక్క రాయి. నువ్వు ఎలా ఉన్నావు? చెట్టు ఎలా ఉంది?

భాగ్యం


రెడ్డిగూడెం
5 నవంబరు 1949

భాగ్యానికి,

నేను బాగున్నాను. మోచెయ్యి కొట్టుకుపోయింది, అంతే.

జున్నుచెట్టు పడిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి గాలి తిరిగింది. అప్పటికి అంట్లకి రెండు గాట్లు పడ్డాయి, ఆఖరి కోత ఇంకో వారంలో పెట్టుకున్నాం. చెట్టు ఊగుతుంటే మంచె ఊగుతోంది, మంచె మీద ముప్ఫై నాలుగు కుండీలు. గాలికి జారిపోతాయని ముందు రోజే ఒక్కొక్క దాన్నీ కొబ్బరి తాడుతో మంచెకి బిగించాం. ఇప్పుడు తాడు నాని ముడులు రాళ్ళయ్యాయి. కుండీని దింపాలంటే తాడు తెంపాలి, కొమ్మా కోయాలి.

మావయ్య కత్తి తాడు మీద పెట్టాను. తడి తాడు మీద జారిపోయింది. గట్టిగా రుద్దితే వాదర పోతుంది, కొమ్మలు కోయడానికి మిగలదు. అప్పుడు బుచ్చయ్య కింద నుంచి, "నీ మొసలి ఎక్కడే జోజమ్మా?" అని అరిచాడు.

వాడు పరుగెత్తి గుడిసెలోంచి నీ కత్తి తెచ్చాడు. భాగ్యం, దాన్ని చూడాల్సింది. పళ్ళు తాటి పీచుని తిన్నట్టు తాడుని తిన్నాయి. నాలుగు లాగులకి ఒక తాడు. తడిసిన కొద్దీ ఇంకా బాగా పట్టింది. వాడు తాడు తెంపేవాడు, నేను కొమ్మ కోసేదాన్ని, కుండీని కిందికి అందించేవాళ్ళం. కామందు గారు పంచె ఎగ్గట్టుకుని వచ్చి, వానలో నిలబడి, ఆ కుండీలు రెండు చేతులా అందుకున్నారు. ఆయన కుండీ మోయడం నేను ఎన్నడూ చూడలేదు. గరగర, చప్పున కోత, మళ్ళీ గరగర.

ముప్ఫై ఒకటి దింపాం. ముప్ఫై రెండోది కోస్తుండగా చెట్టు మూలిగింది. కొమ్మకీ మంచె కర్రకీ మధ్య మావయ్య కత్తి ఇరుక్కుంది. లాగితే విరిగింది. బుచ్చయ్య నా చెయ్యి పట్టి కిందికి దూకించాడు. మూడు కుండీలు దాని కింద పోయాయి.

అరిగిపోతుందని దాచుకున్న కత్తి అది. ఇప్పుడు పిడిలో రెండంగుళాలు మిగిలింది. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ముప్ఫై ఒకటికి నీడ కట్టడంలో పడ్డాను.

వారం ముందే తెంపాను కాబట్టి బతుకుతాయో లేదో చెప్పలేను. కామందు గారు, "చిగురేస్తే చూద్దాం జోజమ్మా," అన్నారు. నేను అప్పుడే ఆరు అంట్ల నిజం కూడా చెప్పేశాను. ఆయన చాలాసేపు విరిగిన కత్తి తిప్పి తిప్పి చూసి, పిడి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఏమనుకున్నారో తెలియదు.

నాకు ఒక నున్న కత్తి కావాలి. ఆ పిడి బుచ్చయ్యతో పంపుతాను. ఈసారి నువ్వు చూసి చేయించు.

జోజమ్మ


నూజివీడు
19 నవంబరు 1949, శనివారం

ప్రియమైన అత్తయ్యా,

కప్పు బాగుచేసే దాకా మా స్కూలుకి సెలవులిచ్చారు. మధ్యాహ్నం బస్సులో నూజివీడు దిగాను. పిడి తెచ్చిన బుచ్చయ్య ఎడ్లు విప్పుకుని బీడీ కాలుస్తూ నా కోసం కూర్చున్నాడు. నువ్వు ఉత్తరంలో రాయనివి అన్నీ వాడు చెప్పాడు. ముందు నన్ను ఏడిపించాడులే.

"ఏంటి బుచ్చయ్యా, అంట్లు ఎలా ఉన్నాయి?" అన్నాను.

"ఎలా ఉంటాయమ్మా? ఎర్రగా," అన్నాడు.

ఎండిపోయాయనుకున్నాను.

"చిగురమ్మా, చిగురు! కోడిపుంజు తోకలాగా ఎర్రటి చిగురు! ఇరవై తొమ్మిదింటికి!"

వీధిలో నిలబడి నేను అరిచిన అరుపుకి ఎడ్లు లేచి నిలబడ్డాయి. చింతలపూడి ఆయన్ని రావద్దని కామందు గారు కార్డు రాయించిన సంగతీ చెప్పాడు. రాయిస్తూ ఆయన అన్న మాట బుచ్చయ్య నోట విన్నాను: "తప్పు చేసి చీమల మీద పెట్టే వాళ్ళని చాలామందిని చూశాను. చీమల మీంచి తీసి తన మీద పెట్టుకున్న మనిషిని ఇప్పుడే చూశాను." నీకు ఎదురుగా చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆ తర్వాత వాడు చెప్పింది విని నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ ఆరు కుండీలూ నువ్వు పారేయలేదట! పైన అంటు పోయినా కింద టెంక మొక్కలు బతికే ఉన్నాయని, రోజూ నీళ్ళు పోస్తున్నావట. పైగా జున్నుచెట్టు పడిందే గానీ చావలేదట. ఒక పక్క వేళ్ళు ఇంకా మట్టిలోనే ఉన్నాయి, ఆకు వాడలేదు, మూడు నెలలు గొడ్డలి వేయవద్దని నువ్వు అడిగితే కామందు గారు ఒప్పుకున్నారు. అంత ఎత్తు చెట్టు, మంచె ఎక్కితే గానీ అందని కొమ్మలు, ఇప్పుడు మన నడుము ఎత్తులో పడుకుని ఉన్నాయి. ఆ ఆరు మొక్కల కోసమే వంగిందా అనిపించింది. నా మాటల పుస్తకంలో దీనికి మాట లేదు. వెతకదలుచుకోలేదు కూడా.

మావయ్య పిడిని కమ్మరికి ఇచ్చాను. బొటనవేలి గుంట చూపించి, ఇది అరగకుండా చూడమన్నాను. కొత్త ఇనుము కాల్చి సాగగొట్టడం పక్కనే నిలబడి చూశాను. ఎర్రగా ఉన్నప్పుడు అది మన చిగురు రంగే. నీళ్ళలో ముంచితే చేసిన శబ్దానికి నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నవ్వి, "కక్కులు కొట్టమంటావా అమ్మాయ్? కోతల కాలం కదా," అన్నాడు.

"ఒక్కటి కూడా వద్దండి," అన్నాను. "చెరువులా ఉండాలి."

ఆయన నన్నొక రకంగా చూశాడు. తర్వాత సానరాయి తీసి చూపించి, "అయితే ఇవాళ కాదు, రేపు తెల్లవారాక రా. వెలుతురు లేకుండా ఆ పదును పెట్టకూడదు," అన్నాడు. అందుకే ఈ పూట గుడి పక్కన భాగ్యవతమ్మ గారింట్లో ఉంటున్నాను. ఆవిడ పేరూ నాదే, అందుకని అన్నం రెండోసారి వడ్డిస్తోంది. బుచ్చయ్య ఆగనంటున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను.

కత్తి అరుగుతుంది అత్తయ్యా, అరగనీ. నూరడం నాకు నేర్పు. ఈ కమ్మరి ఇల్లు ఇప్పుడు నాకు తెలుసు.

రేపు పొద్దున పదును పెట్టగానే మందార కొమ్మ మీద చూసి, వెంట తెచ్చుకున్న భూతద్దంతో సరిచూసుకుని, రెడ్డిగూడెం వైపు వెళ్ళే మొదటి బండి ఎక్కుతాను. నువ్వు అరటినార నానబెట్టి ఉంచు. ఆరు కుండీలకీ నీళ్ళు పోసి పడుకున్న కొమ్మ పక్కన వరసగా పెట్టు. అయిదు మొక్కలకి నువ్వు చెక్కు. ఆరోదానికి నన్ను చెక్కనివ్వు.

నీ
భాగ్యం